పావు చుట్టు

పంపు మేస్త్రిగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున భవానీపురంలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. ఆయన కూతురు. "పిన్నిగారూ, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారండి" అంది. ఎప్పుడమ్మా, ఎలా జరిగిందమ్మా అని అడగాల్సింది పోయి, "కాఫీ తాగారా?" అన్నాను. ఏం ప్రశ్న అది! ఆ పిల్ల నన్ను తప్పు పట్టలేదు. లేవనే లేదండీ అని ఏడ్చింది.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో లారీల డీజిల్ పంపులు బాగుచేసేవారు. ఇంజినుకి ఎంత డీజిలు కావాలో అంత కొలిచి పంపించే పరికరం అది. తొంభైల చివర్లో ఆ షెడ్డుకి సరిగ్గా ఎదురుగా నేను పొగ పరీక్ష బూత్ పెట్టాను. సైలెన్సర్‌లో గొట్టం దూర్చడం, డ్రైవర్ని యాక్సిలరేటరు తొక్కమనడం, పొగ ఎంత చిక్కగా ఉందో యంత్రంలో అంకె చూడడం, సర్టిఫికెట్ రాయడం, ఇదీ నా ఉద్యోగం. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడ్డాక మా ఇల్లు ఆ బూత్ మీదే నడిచింది. చీర కట్టుకుని లారీల వెనకాల నిలబడే మనిషిని ఆ వీధిలో నేనొక్కదాన్నే. డ్రైవర్లు నాకు పొగమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఏడాది తిరక్కుండా నేనే ఫోన్లో "పొగమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాను.

నాకు యంత్రం ఉంటే మేస్త్రిగారికి తెల్లగుడ్డ ఉండేది. పాత పంచె జానెడు ముక్కలుగా చింపి జేబులో పెట్టుకునేవారు. బండి రాగానే సైలెన్సర్ మూతికి ఒక ముక్క కట్టి, ఒక్కసారి తొక్కించి, గుడ్డ విప్పి ఎండకేసి పట్టుకుని చూసేవారు. మసి పొడిపొడిగా ఉంటే డీజిలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా ఉంటే లోపల ఆయిలు కాలుతోంది. వేళ్ళతో నలిపేవారు, వాసన చూసేవారు, నాలిక మీద పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ తర్వాత మా బూత్ వైపు తిరిగి ఒక అంకె కేకేసేవారు. డెబ్బయి రెండు అన్నారంటే నా యంత్రం డెబ్బయ్యో డెబ్బయి నాలుగో చూపించేది. అరవై అయిదు దాటితే బండి పాస్ కాదు. బీఎస్సీ చదివి, అంత యంత్రం ముందు కూర్చున్న నాకు ఈ పంచె ముక్క ఎలా పోటీ వస్తోందో అర్థం కాక కడుపు మండేది.

బండి పట్టుకొచ్చిన ఎవరికైనా ఆయన మొదట చెప్పే మాట ఒకటుండేది. "ముందు ఊపిరి చూద్దాం, తర్వాత తిండి సంగతి." ఊపిరంటే ఎయిర్ ఫిల్టరు. తిండంటే డీజిలు. ఫిల్టరు విప్పి నేల మీద కొడితే గుప్పెడు దుమ్ము రాలేది. ఊపిరాడని బండికి తిండి ఎక్కువ పెట్టి ఏం లాభం అని డ్రైవర్లని మందలించేవారు. వాళ్ళు వినేవాళ్ళు కాదు. వాళ్ళకి కావలసింది తిండే.

ఇక్కడ ఆ స్క్రూ సంగతి చెప్పాలి. డీజిలు ఇంతకు మించి పోకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటి పంపు మీద ఉంటుంది. తయారుచేసిన వాళ్ళే దానికి సీలు వేసి పంపిస్తారు. ముట్టుకోకూడదని రూలు. ఆ సీలు చెక్కుచెదరని లారీని మాత్రం నేను చూడలేదు. దాన్ని కాస్త తిప్పి డీజిలు ఎక్కువ పోయేట్టు చేయడాన్ని పంపు పెంచడం అంటారు. కొల్లేటి చేపల లారీల వాళ్ళకైతే అది ప్రాణం. ఐసు పెట్టెల్లో చేపలు నింపుకుని హౌరా దాకా పోవాలి, ఐసు కరిగితే సరుకు మట్టి. వెనకాల నల్లగా పోతుంటేనే బండి లాగుతోందని వాళ్ళ నమ్మకం. పొగ తగ్గిందంటే మేస్త్రి పని దొంగ అని నలుగురిలో అనేవాళ్ళు.

నేను కొత్తలో ఒక విషయం గమనించాను. పొద్దున నా దగ్గర అరవైతో పాసైన లారీ, మధ్యాహ్నం నా సర్టిఫికెట్టే అద్దానికి అంటించుకుని, వీధంతా నల్లగా చేసుకుంటూ నా ముందునుంచే పోతోంది. యంత్రం పాడైందేమో అని రెండు రోజులు దాన్ని విప్పి తుడిచాను. మూడో రోజు కుర్చీ తీసి గుమ్మంలో వేసుకుని కూర్చుంటే తెలిసింది. నా దగ్గరికి వచ్చే ముందు మేస్త్రిగారు స్క్రూ తిప్పి డీజిలు తగ్గిస్తున్నారు. నా దగ్గర్నించి వెళ్ళాక మళ్ళీ పెంచుతున్నారు. వెళ్ళి నిలదీశాను. ఆయన స్పానర్ కింద పెట్టి, తడబడకుండా, "అవునండి, అందరూ అంతే చేస్తున్నారు, మీకు చెప్పలేదా ఎవరూ?" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు. నేను తెలిసే ఊరుకుంటున్నాననుకున్నారట.

అలా ఏడాదిన్నర గడిచింది. నేనూ ఊరుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత నాకు నోటీసు వచ్చింది. నా సర్టిఫికెట్ ఉన్న లారీ ఒకటి కృష్ణ వారధి మీద నల్లగా పొగ కక్కుతూ దొరికిందట. ఇంకొకటి దొరికితే బూత్ అనుమతి తీసేస్తామని రాశారు. ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి ఆయన బెంచీ మీద పడేసి, మీ స్క్రూ పుణ్యమా అని నేను రోడ్డున పడుతున్నానని అరిచాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పొగ నల్లగా ఉంటే లాగుడు ఎక్కువని పాతికేళ్ళుగా డ్రైవర్లతో నేనూ అంటున్నానమ్మా. అది నిజమో కాదో ఒక్కసారీ చూడలేదు. మీరు చదువుకున్నారుగా, నిజమేనంటారా?"

నేను పోట్లాడటానికి వెళ్ళాను, ఆయన పాఠం చెప్పమంటున్నారు. కోపంలోనే చెప్పాను. కిరసనాయిలు లాంతరులో వత్తి కొంచెం పెంచితే వెలుగు పెరుగుతుంది, మరీ పెంచితే చిమ్నీకి మసి పడుతుందే గానీ వెలుగు పెరగదు, ఆ నలుపంతా కాలకుండా పోయిన నూనే అని. మర్నాడు పొద్దున ఆయన న్యూస్‌పేపర్లో చుట్టిన లాంతరు చిమ్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. సగం దాకా మసి. ఇంట్లో చివాట్లు పడ్డాయట, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "వత్తి పెంచుకుంటూ పోతే ఒకచోట వెలుగు ఆగిపోయిందండి. బండిలో ఆ చోటు ఎక్కడుందో కనుక్కోవాలి" అన్నారు.

కనుక్కోవడానికి ఆయన ఎంచుకున్నది ఒక చేపల లారీ. దాని డ్రైవరే దాని ఓనరు, కైకలూరు వైపు మనిషి, మేస్త్రిగారంటే గురి. ఇంకా పెంచమని వచ్చాడు. మేస్త్రిగారు ఫిల్టరు మార్చారు, ఇంజిన్లోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి శుభ్రం చేశారు, స్క్రూ మాత్రం పెంచకపోగా పావు చుట్టు తగ్గించారు. స్క్రూ కదలకుండా పట్టుకునే నట్టు మీద కూతురి గోళ్ళ రంగు సీసాలోంచి ఒక ఎర్ర చుక్క పెట్టారు. సీలు పోయిన బండికి అదే ఆయన సీలు, ఎవరు తిప్పినా చుక్క పగులుతుంది. ఆ పిల్లకి అప్పట్లో ఏ సీసా కొన్నా వారం ఉండేది కాదు. డ్రైవరు, "పెంచారా మేస్త్రిగారూ?" అని అడిగాడు. "పెంచాను, వెళ్ళిరా" అన్నారు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

తొమ్మిదో రోజున డ్రైవరు హౌరా నుంచి తిరిగొచ్చి, బ్రహ్మాండంగా లాగింది, డీజిలు కూడా మిగిలింది అని స్వీటు పొట్లం ఇచ్చి వెళ్ళాడు. నా యంత్రంలో యాభై రెండు. మేస్త్రిగారు ఆ పొట్లం పట్టుకుని కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఇక చెప్పేద్దామండీ అన్నాను. "ఇంకో ట్రిప్పు చూద్దాం" అన్నారు. తర్వాత కూడా అదే మాట. మిగతా డ్రైవర్లకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి పావు చుట్టు తగ్గించడం మొదలుపెట్టారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకో షెడ్డుకి పోయారు. నా బూత్‌కి మళ్ళీ నోటీసు రాలేదు.

ఏడు ట్రిప్పులయ్యాక శ్రీకాకుళం దగ్గర ఆ లారీకి డీజిలు పైపు చీలింది. బాగుచేసిన మెకానిక్ పంపు చూసి, పెంచడం కాదు, తగ్గించి ఉంది, నిన్నెవరో మోసం చేశారన్నాడు. డ్రైవరు తిరిగొచ్చి నడివీధిలో లారీ ఆపి దిగాడు. మధ్యాహ్నం పూట, షెడ్లన్నిట్లోంచీ జనం బయటికొచ్చారు. అప్పటిదాకా మేస్త్రిగారిని మీరు అనే మనిషి ఆ రోజు నువ్వు అన్నాడు. "నిన్ను నమ్మి నా బతుకు నీ చేతుల్లో పెట్టాను. ఎవరి కోసం చేశావు ఈ పని?"

మేస్త్రిగారు ఒక్కసారి మా బూత్ వైపు చూశారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. గొట్టం నా చేతిలో ఉంది. ఆయన తల తిప్పుకుని, "ఎవరి కోసమూ కాదు. ఏమవుతుందో చూద్దామని నేనే చేశాను. నీకు చెప్పకపోవడం నా తప్పు" అన్నారు.

నేను నోరు విప్పలేదు. నా బూత్ పోతుందనే కదా ఈయన మొదలుపెట్టింది అని ఒక్క మాట అనాల్సింది. ఫిర్యాదు పెడతాడేమో, నా నోటీసు సంగతి బయటపడుతుందేమో అని భయపడ్డాను. ఆ తర్వాత చాలాకాలం చేపల లారీ ఒక్కటీ ఆ షెడ్డు ముందు ఆగలేదు. వీధిలో ఆయన్ని పంపు మేస్త్రి అనడం మాని చూద్దాం మేస్త్రి అని వెక్కిరించారు.

మర్నాడు క్షమాపణ చెబుదామని వెళ్ళాను. మాట పూర్తి కానివ్వలేదు. "అది సరేగానమ్మా, ఏడు ట్రిప్పులు. ఏడింటికి ఏడూ ఐసు ఉండగానే చేరాడు. చూశారా?" అన్నారు. పరువు పోయిందన్న దిగులు కంటే తన లెక్క సరిపోయిందన్న సంతోషమే ఎక్కువగా కనిపించింది. నాకు సిగ్గేసింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత రూలు మీద రూలు వచ్చింది. కంప్యూటరుతో నడిచే ఇంజిన్లు వస్తున్నాయని విని ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని లారీల షోరూముకి వెళ్ళారు, నన్నూ రమ్మన్నారు. అక్కడి ఇంజినీరు కుర్రాణ్ణి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "స్క్రూ ఎక్కడుందండి?" లేదన్నాడతను. మరి ఎంత డీజిలు పోవాలో ఎవరు చెబుతారు, ఎలా తెలుస్తుంది, తప్పు చెబితే ఎవరు దిద్దుతారు అని గంటసేపు వదల్లేదు. బయటికొచ్చాక, "ఇక డ్రైవర్లకి అబద్ధం చెప్పక్కర్లేదమ్మా" అన్నారు. నాలుగడుగులు వేసి, "ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంకొకడెవడో చెబుతాడు లెండి" అని నవ్వారు.

ఫోను వచ్చిన ఆ మంగళవారమే పటమటలో ఆయన ఇంటికి వెళ్ళాను. సందు చివర అప్పటి చేపల లారీయే ఆగి ఉంది. పక్కన తుండు భుజాన వేసుకుని ఆ డ్రైవరు. జుట్టు నెరిసింది. లోపలికి వెళ్ళాలో వద్దో తెలియక నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్న మాట ఇప్పుడైనా అనకపోతే ఇంకెప్పుడు అనుకుని నేరుగా అతని దగ్గరికే వెళ్ళాను.

"ఆ రోజు ఎవరి కోసం చేశావని ఆయన్ని అడిగారు. నా కోసం. నా బూత్ పోతుందని చేశారు. నేను అక్కడే ఉండి నోరు మూసుకున్నాను" అన్నాను.

అతను, ఆ రోజే కోపంతో బండిని ఇంకో మేస్త్రి దగ్గరికి తోలానని చెప్పాడు. "స్పానర్ పెట్టబోయాడండి. ఆగమన్నాను. ఏడుసార్లు బాగానే పోయింది కదా, ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకున్నా."

"తర్వాత?"

"తర్వాతా అంతేనండి. ఇంకో ట్రిప్పు చూద్దాం, ఇంకో ట్రిప్పు చూద్దాం అనుకుంటూనే ఇన్నేళ్ళు. ఆయన ముందుకొచ్చి చెప్పడానికి ముఖం చెల్లలేదు."

లారీ తలుపు తీసి నన్ను ఎక్కమన్నాడు. ఇన్ని లారీల పొగ చూశాను గానీ లోపలికి ఎక్కడం అదే మొదలు. ఇంజిను మీద మూత ఎత్తాడు. అంతా నలుపు, ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు. తుండు చివర డీజిల్లో తడిపి, పంపు మీద ఒక చోట మెల్లగా రుద్దాడు. జిడ్డు వదిలింది. నట్టు మీద బియ్యపు గింజంత ఎర్ర చుక్క కనిపించింది. వంగి చూశాను. ఎక్కడా పగల్లేదు.