వీధి మొదట్లో రెండు రంకెలు

మా తాతయ్య పాండురంగయ్య డీజిల్ బండి స్టార్ట్ చేశాడంటే ప్రకాశం బ్యారేజీ డెబ్బై గేట్లూ వాటంతట అవే లేచి నిలబడతాయి. కృష్ణమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, "ముందు మీరు వెళ్ళండి పాండురంగయ్యగారూ" అంటుంది. ఇంద్రకీలాద్రి మీద కోతులు చెవులు మూసుకుంటాయి. ఇదంతా నిజమని ఒట్టు వేయమన్నా వేస్తాను. ఇంటర్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చున్న ఈ సాయిశ్రీ ఒట్టుకి ఎంత విలువ ఉంటుందో మీరే చూసుకోండి.

మిగతాది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

తాతయ్యకి అరవై ఆరేళ్ళు. మంగళగిరిలో మా చేనేత సంఘానికి ముప్పై ఒక్క ఏళ్ళుగా డ్రైవరు. పొద్దున్నే సంఘం గోడౌన్లో నూలు ఎక్కించుకుని నేతవాళ్ళ ఇళ్ళ దగ్గర దించుతాడు. నేసిన చీరలు తీసుకుని, వారధి దాటి, విజయవాడ వన్ టౌన్ కొట్లకి, అప్పుడప్పుడు ఉయ్యూరు అవతలికీ చేరుస్తాడు. నేను చదువు మానేసినప్పటి నుంచి పక్క సీటు నాది. ఏ మూట ఎవరిదో చీటీలు రాసి కడతాను. నా ఉద్యోగం పేరు క్లీనరు. ఎవరైనా అడిగితే తాతయ్య మాత్రం, "మా బండికి రెండో హారనండీ ఇది" అని చెబుతాడు.

మా ఇంట్లో మగ్గం వదిలి స్టీరింగు పట్టిన మొదటివాడు ఆయనే. ఆ సంగతి ఆయన వదిన చౌడేశ్వరి, అంటే మా పెదనానమ్మ, ఇప్పటికీ మరిచిపోదు. డెబ్బై మూడేళ్ళ వయసులో కూడా ఆమె మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తుంది. తాతయ్య నూలు దించుతుంటే చాలు, మొదలుపెడుతుంది.

"ఏం మరిదీ, ఇంట్లో గుంట వదిలేసి రోడ్డు మీద గుంతలు వెతుక్కున్నావు. ఏం బాగుపడ్డావయ్యా?"

"నీ నడుం కంటే నా నడుం నయం వదినా. వంగి చూపించనా?"

"చాల్లే, వంగాక లేపడానికి ఇంకో మనిషి కావాలి."

మా వీధికి ఒక పద్ధతి ఉంది. తెల్లవారగానే పడుగు సాచుతారు. చీర నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా అడ్డకర్రల మీద లాగి కట్టి, గంజి పెట్టి, చెరో వైపున నిలబడి కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా పని అయిపోవాలి. అప్పుడు వీధిలో ఎవరూ హారన్ కొట్టకూడదు. ఉలిక్కిపడి చేయి అదిరితే పోగులు తెగుతాయి. అందుకే తాతయ్య వీధి మొదట్లో మలుపు దగ్గర బండి ఆపి, గేరు వేయకుండా యాక్సిలరేటర్‌ని రెండుసార్లు తొక్కేవాడు. బండి రెండు రంకెలు వేసేది. అది వినగానే వీధిలోవాళ్ళు పడుగుని కర్రలతో సహా ఎత్తి గోడవారకి జరిపేవాళ్ళు. తాతయ్య వంద దాకా అంకెలు చెప్పుకుని మలుపు తిరిగేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పోగు తెగలేదు. రాజ్యాలు ఏలినవాళ్ళు కూడా ఇంత గర్వపడి ఉండరు.

ఈ ఏడు బండికి ఫిట్‌నెస్ రాదని తేలిపోయింది. సంఘం అధ్యక్షుడు జ్ఞానేశ్వర్ గారు కరెంటు బండి కొందామన్నారు. ఎందుకైనా మంచిదని పాతదాన్ని ఒకసారి ఆటోనగర్‌లో శౌరయ్య షెడ్డుకి తీసుకెళ్ళాం. శౌరయ్య ఆ బండికి పుట్టినప్పటి నుంచీ డాక్టరు. వెంట వచ్చిన జ్ఞానేశ్వర్ గారికీ ఆయనకీ వాదన అక్కడే మొదలైంది.

"పొగ లేదు, చప్పుడు లేదు, ఇంజనాయిల్ లేదు. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్నకి రెడీ. తెల్ల చీరలకి మసి అంటుతోందని వన్ టౌన్ వాళ్ళు గోల పెడుతున్నారయ్యా" అన్నారు జ్ఞానేశ్వర్ గారు.

"బాగుందండీ. ఉయ్యూరు దాటాక చార్జింగు అయిపోతే చెరుకు ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొస్తారా? బుడమేరు వరదలో ఈ ముసల్ది తలుపుల దాకా నీళ్ళలో పాల పాకెట్లు మోసిందండీ. మీ బ్యాటరీ మోస్తదా?"

"మోసిందిలే. ఆ తర్వాత పది రోజులు నీ షెడ్డులోనే పడుకుంది."

"పడుకున్నా లేచింది కదండీ! మీదాన్ని నేనేం లేపుతాను? దండ వేసి దణ్ణం పెడతాను."

జ్ఞానేశ్వర్ గారు నవ్వి తాతయ్య వైపు తిరిగారు. "నడిపేది మీరు. మీరేమంటారు పాండురంగయ్యగారూ?"

"టీ చెప్పమంటారా?" అన్నాడు తాతయ్య.

అందరూ చమత్కారం అనుకుని పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయనకి ప్రశ్న వినపడలేదని అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది కూడా పోయే దారిలో ఉంది. తెలిస్తే బండి తీయనివ్వరని ఇంట్లో దాచాడు. డీజిల్ బండికి చెవులతో పని లేదు, గేరు రాడ్డు మీద అరచేయి పెడితే ఇంజను సంగతంతా చేతికి తెలిసిపోతుంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన దిగితే నేనూ దిగాలి కదా.

కరెంటు బండి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, తాతయ్యని ఎక్కించారు. గేరు రాడ్డు ఉండాల్సిన చోట చిన్న గుండ్రటి మీట ఉంది. ఆయన చేయి కాసేపు గాలిలో వెతుక్కుని ఒళ్ళోకి వచ్చేసింది.

"ఇది బతికే ఉందంటావా?" అని అడిగాడు నన్ను.

"నాడి చూడు తాతయ్యా."

కొత్త బండి చేతికి అలవాటయ్యేదాకా అని వారం రోజులు విజయవాడ మాత్రమే తిరిగాం. బండి మెత్తగా పోయింది. వారధి మీద లారీలు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆయన ఊరికే అద్దంలోకి చూసేవాడు. నేను లారీ వస్తోందని చెబుతూ ఉండేదాన్ని.

ఎనిమిదో రోజు పొద్దున మొదటిసారి మా వీధికి నూలు తెచ్చాం. తాతయ్య మలుపు దగ్గర ఆపాడు. మీటని మధ్యకి తిప్పాడు. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాడు. పెదవులు కదుపుతూ వంద దాకా చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. బండి మలుపు తిరిగింది. ఎదురుగా సూర్యుడు. ఆ వెలుగులో తెల్లటి పోగులు కనపడలేదు.

వాన మొదలైనట్టు చిటపటమని చప్పుడు. అడ్డకర్ర విరిగి చక్రం కింద పడింది. సగం పడుగు బంపరుకి చుట్టుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. గంజి కుండ మాత్రం దొర్లి పెదనానమ్మ పాదాల మీద పడింది. ఆ పడుగు ఆమెదే. కుంచె చేతిలోనే ఉంది.

"ఇదేంటి మరిదీ, నువ్వు రంకె వేయించలేదే?"

"వేయించాను వదినా. రెండుసార్లు."

"లేదయ్యా" అంది పెదనానమ్మ మెల్లగా.

ఆమె తిట్టలేదు. ఎగతాళి చేయలేదు. తాతయ్యకి అసలు దెబ్బ తగిలింది అప్పుడే.

సాయంత్రం సంఘం హాలు నిండిపోయింది. శౌరయ్య ఆటోనగర్ నుంచి పని మానుకుని వచ్చాడు. "నేను ముందే చెప్పానా లేదా? చప్పుడు లేని బండి దొంగలకి పనికొస్తది" అన్నాడు. జ్ఞానేశ్వర్ గారు, "చిన్న స్పీకరు బిగిస్తే పోయే దానికి డీజిల్ని మళ్ళీ నెత్తికెక్కించుకుంటామా?" అన్నారు. తెగిన పడుగు బల్ల మీద కుప్పగా ఉంది. ఆ ఇద్దరికీ అది వాదనలో ఒక పాయింటు. వీధివాళ్ళు మాత్రం ఒకటే మాట మీద ఉన్నారు. ఈ మూగ బండి మాకొద్దు, పాతదాన్నే బాగు చేయించండి, పాండురంగయ్యే నడుపుతాడు.

ఆయన ఊఁ అంటే చాలు. సీటు, గేరు రాడ్డు, రంకె, అన్నీ తిరిగి వచ్చేస్తాయి. నేను ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, "తప్పు బండి మీదకి తోసెయ్ తాతయ్యా" అన్నాను. అది బాగానే వినపడింది.

తాతయ్య లేచి నిలబడ్డాడు.

"తప్పు బండిది కాదండీ. అది రంకె వేయలేదు, నిజమే. నాకు మాత్రం రెండు రంకెలూ వినపడ్డాయి. వేయని రంకె విన్నానంటే, ఇన్నేళ్ళూ వేసినవి నా చెవులు విన్నాయో, నా కాలే విందో ఎవరికి తెలుసు? నాకు చెవుడు. డీజిల్ బండి దాన్ని దాచిపెట్టింది, ఇది బయటపెట్టింది. రేపు పడుగు ఉన్న చోట మనిషి ఉంటే?"

బండి తాళంచెవి తీసి బల్ల మీద పోగుల పక్కన పెట్టాడు. వాదన అక్కడితో ఆగిపోయింది. ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కరెంటు బండిని సంఘం కొత్త డ్రైవరు జాన్సన్ అన్న నడుపుతున్నాడు. మలుపు దగ్గర ఆగగానే నేను దిగి, వీధిలోకి నడిచి వెళ్ళి, "బండి వచ్చింది, జరపండి" అని చెబుతాను. రంకె కంటే నా గొంతే ఎక్కువ భయపెడుతోందని వీధివాళ్ళ ఫిర్యాదు.

తాతయ్య రోజూ పెదనానమ్మ అరుగు మీద కూర్చుని తెగిన పోగులు అతుకుతాడు. వేళ్ళకి బూడిద రాసుకుని, రెండు కొసలు కలిపి మెలేసి, ఒకదాని తర్వాత ఒకటి. వేల పోగులు. మొదటి రోజు ఆయన వేళ్ళు మొండికేశాయి. "ముప్పై ఒక్క ఏళ్ళకి ఇంటి దారి తెలిసింది మా మరిదికి" అని పెదనానమ్మ మళ్ళీ అందుకుంది. ఆయన నవ్వుతాడు. కానీ పొద్దున ఏడున్నర, బండి వచ్చే వేళ అయ్యేసరికి, కుడి పాదం అరుగు కింద నేలని రెండుసార్లు నొక్కుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం ఆయన కుడి చెవి దగ్గర కూర్చుని గట్టిగా చదివి వినిపించాను. బ్యారేజీ గేట్ల దగ్గర నవ్వాడు. టీ దగ్గర నా నెత్తిన మొట్టాడు. పాదం సంగతి రాగానే కాలు లోపలికి లాక్కున్నాడు. పడుగు తెగిన పొద్దుటి సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"నా చెవులు పోయాయని ఊరంతా చాటావు, బాగుంది. ఆ పొద్దున పక్క సీట్లో ఫోనులో ముఖం పెట్టి వీడియో తీసుకుంటూ కూర్చున్నావు కదే, నీ చెవులకేం రోగం వచ్చింది? అదీ రాయి."