గది బుక్ చేయని ప్రేక్షకులు

2022 ఆగస్టు. పొద్దున్నే ఫ్రీమాంట్ నుంచి రైలెక్కి, ఒళ్ళో రెండు లావుపాటి ఫైళ్ళు పెట్టుకుని ఆఫీస్‌కి వెళ్తున్నాను. ఒకటి పెద్ద నగరానిది, ఇంకోటి ఉత్తరాన ఆరు గంటల డ్రైవ్ దూరంలో ఉన్న చిన్న ఊరిది. అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ 2024, 2025 కాంట్రాక్ట్ ఏ ఊరికి ఇవ్వాలో తేల్చాలి.

నా ఉద్యోగం గురించి మనవాళ్ళ పార్టీల్లో చెప్పడం పెద్ద ప్రయాస. "ఏ టెక్నాలజీ మీద చేస్తున్నావమ్మా?" అంటారు. టెక్నాలజీ కాదండీ, కాలేజీ ఆటల పోటీలు ఏ ఊళ్ళో జరగాలో చూసే పని అంటే, "ఓహో" అని ప్లేట్ పట్టుకుని పక్కకి జరుగుతారు. కానీ పనుంది, బోలెడంత. పది కాలేజీలు కలిసి ఏర్పడ్డ కూటమిని కాన్ఫరెన్స్ అంటారు; మాది అలాంటి ఒక కాన్ఫరెన్స్ ఆఫీస్. సీజన్ చివర, మార్చిలో, పది టీమ్‌లూ ఒకే ఊళ్ళో చేరి ఛాంపియన్ ఎవరో తేల్చుకుంటాయి. ఆ ఊరు మాదే కావాలని ఊళ్ళు పోటీపడి బిడ్లు పంపుతాయి. మేం వెళ్ళి హాలు, హోటళ్ళు, ఎయిర్‌పోర్టు చూసొచ్చి ఊరికి మార్కులేసే స్కోర్ షీట్ నింపుతాం. ఆ షీట్ తయారు చేసింది నేనే. దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

చిన్న ఊరికి నాలుగేళ్ళుగా మా టోర్నమెంట్ జరిపిన అనుభవం ఉంది. అక్కడొక ఆచారం. పోటీలకి నెల ముందు ఒక ఆదివారం ఫైర్ స్టేషన్‌లో చీట్లు తీస్తారు. పది టీమ్‌లు, పది వీధులు. ఏ వీధికి ఏ టీమ్ వస్తే ఆ వారమంతా అదే వాళ్ళ సొంత టీమ్. అట్టడుగు టీమ్ వచ్చిందని ఎవరూ మొహం మాడ్చుకోరు. పైగా ఇంకా గట్టిగా అరుస్తారు.

ఆ అట్టడుగు టీమ్‌లోనే మా ఫ్రీమాంట్ పిల్ల అన్విత ఆడేది, మా స్నేహితుల కూతురు. తను కాలేజీలో చేరిన మొదటి ఏడాది, 2022లో, వాళ్ళ టీమ్ వాల్‌నట్ వీధికి వచ్చింది. ఆ చీట్లు తీయించే మార్జీ అనే ఆవిడ, రిటైరైన పీటీ టీచర్, ఏకంగా మా ఆఫీస్‌కి ఫోన్ చేసింది. "ఆ పిల్ల పేరు సరిగ్గా పలకడం నేర్పించు. చివరి అక్షరం దగ్గర మా నాలుక తిరగడం లేదు" అంది. పావుగంట నేర్పాను. ఆ మార్చిలో మొదటి రోజు పొద్దున, అట్టడుగు టీమ్‌లు ఆడే పదకొండింటి మ్యాచ్‌లో, అంటే ఎవరూ చూడని మ్యాచ్‌లో, ఒక వీధి వీధంతా "అన్విత" అని అరుస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆట ఆగి ఒక్కతే బుట్టలోకి బంతి వేసే ఫ్రీ త్రోకి ముందు ఆ పిల్ల వాళ్ళ వైపు చూసి నవ్వింది.

అలాంటి ఊరికి ఆ ఆగస్టులోనే పరిశీలనకి వెళ్ళి, అదే మార్జీ ముందు కూర్చుని షీట్ తెరిచాను.

"ఇందులో మా వీధులకి మార్కులెక్కడ?" అని అడిగింది.

"ఫ్యాన్స్ అని ఒక గడి ఉందండీ. బయటి నుంచి వచ్చి హోటల్లో ఎన్ని గదులు తీసుకుంటారో దాన్నిబట్టి వేస్తాం."

"మావాళ్ళు ఆట చూసి ఇంటికెళ్ళి పడుకుంటారు కదా."

"అందుకే అక్కడ సున్నా వస్తుంది."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నేను చదువుకునేటప్పుడు మా స్కూల్లో ఆడపిల్లలకి టీమే లేదు. అబ్బాయిలు ఆడుతుంటే గీత బయట నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒక ఆడపిల్ల బంతి పట్టుకుంటే హాలంతా హోరెత్తడం నేను అరవై దాటాకే విన్నాను. దాన్ని తీసుకుపోకు" అంది.

ఆవిడ మాటలు నోట్స్‌లో రాసుకున్నాను. అయినా షీట్ షీటే అనుకున్నాను. నగరం నెగ్గింది. పాత కాంట్రాక్ట్ ప్రకారం 2023 ఒక్కటి ఆ ఊళ్ళో అయ్యాక, 2024, 2025 నగరానికి వెళ్ళాయి.

2025 మార్చి. అన్వితకి ఆఖరి ఏడాది. అంత పెద్ద హాల్లో పై అంతస్తు సీట్లకి నల్లటి తెరలు కట్టేశారు, ఖాళీ కనపడకుండా. పదకొండింటి మ్యాచ్‌లో కోచ్ కేకలు, బూట్ల కిర్రు చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మానాన్నలు నలుగురైదుగురు చప్పట్లు కొడుతుంటే హాలు ఇంకా బావురుమంది. వాళ్ళ టీమ్ ఓడిపోయింది. బయట కారిడార్‌లో టవల్ మెడకేసుకుని అన్విత నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ స్ట్రీట్ వాళ్ళు రాలేదా?"

"ఆరు గంటల డ్రైవ్ కదమ్మా."

"నాకు తెలుసు ఆంటీ. జస్ట్, ఫ్రీ త్రో ముందు అలవాటుగా అటు చూశా."

మర్నాడు ఉండబట్టలేక మార్జీకి ఫోన్ చేశాను. "చీట్లు మేమెక్కడ ఆపాం? రెండేళ్ళూ తీశాం. ఫైర్ స్టేషన్‌లో పెద్ద తెర కట్టి మీ మ్యాచ్‌లు లైవ్‌లో చూశాం. ఈసారి మీ అమ్మాయి టీమ్ మేపుల్ వీధికి వచ్చింది. అరిచి అరిచి వాళ్ళ గొంతులు ఇంకా లేవలేదు" అంది.

సంతోషిస్తుందని పరుగున అన్వితకి ఫోన్ చేసి చెప్పాను.

"రెండు ఇయర్స్ అరిచారా?"

"అరిచారట తల్లీ."

"నాకు వినపడలేదు కదా ఆంటీ" అంది.

ఆ వారమే షీట్‌లో ఒక గడి పెంచాను: ఏ టీమ్‌కీ చెందకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళు. "వాళ్ళని ఎలా లెక్కపెడతావ్?" అని మా బాస్ విసుక్కున్నాడు. "పదకొండింటి మ్యాచ్‌కి వెళ్ళి తలలు లెక్కపెడదాం" అన్నాను. రెండు మీటింగ్‌లు గొడవపడ్డాను. 2026 టోర్నమెంట్ మళ్ళీ ఆ ఊరికే వెళ్ళింది.

అన్విత ఇప్పుడు సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆ మార్చిలో టోర్నమెంట్ చూడ్డానికి నాతో కార్‌లో రమ్మన్నాను. "వద్దు ఆంటీ, వస్తే కూర్చోలేను. దిగి ఆడాలనిపిస్తుంది" అంది. ఒక్కదాన్నే వెళ్ళాను. పది వీధులూ నిండుగా వచ్చాయి. అరుపులకి చెవులు గింగుర్లెత్తుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మా కాంట్రాక్టులు రెండేసేళ్ళకి రాస్తాం. అవి పోతాయి, మళ్ళీ వస్తాయి. ఆడే పిల్లకి మాత్రం కాలేజీలో దక్కేవి నాలుగే నాలుగు మార్చి నెలలు. అన్విత మార్చిల్లో రెండింటిని నా షీట్ తినేసింది. ఇప్పుడు ఏ ఊరి ఫైలు తెరిచినా ముందు ఆ పిల్లల ఆఖరి ఏడాది ఎప్పుడో చూసుకుంటాను.