ఏ కుటుంబానిదో తేలని ముక్కుపురుగు

1958 నవంబరు 11, మంగళవారం సాయంత్రం 5-20కి విజయనగరంలో మెయిలెక్కాను. జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్ అనే పేటలో మా అక్క కూతురు రత్నం పంతులమ్మ. పుచ్చిన దుంగ మీది పుట్టగొడుగులో చిన్న పురుగును పట్టి కలకత్తాలో ఒక పండితుడికి పంపింది. ఇది పుట్టగొడుగులు తినే ముక్కుపురుగుల్లో ఒక చిన్న గుంపుదనీ, దాన్ని ఏ కుటుంబంలో కలపాలో ఇంకా తేలలేదనీ ఆయన జవాబు రాశాడు. మీరు పంపినదానికి మీసాలు విరిగాయి, అన్ని అవయవాలూ ఉన్నదాన్ని పంపితేనే చూస్తానన్నాడు. మనుషుల గోత్రాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే దేశంలో పురుగుకు ఇంటిపేరు దొరకలేదు! ముప్పయ్యొక్క ఏళ్ళు ప్రకృతిశాస్త్రం చెప్పినదాన్ని కనుక రత్నం నన్ను పిలిచింది.

ఖరగ్‌పూర్‌లో ఉదయం 8-10కి దిగాను. అక్కడ పూరీలు తినదలచినవారు ముందు తమ పళ్ళు చూసుకోవాలి. 9-45 ప్యాసింజరు 1-40కి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్ చేర్చింది.

దుంగ పక్కింటి అప్పలమ్మది. శ్రీకాకుళం వైపు మనిషి. "రేపు పొయ్యిలో ఎట్టేత్తాను, తొరగా సూసుకోండి" అంది. 3-30 నుంచి గంటసేపు చిన్న పట్టకార్లతో వెతికాం. ముట్టుకుంటే చాలు, పురుగులు చచ్చినట్టు నటించి రాలి దుమ్ములో కలిసిపోయాయి. దక్కినవి సున్న.

"ఏటమ్మా, పురుగుని పట్టనేనికాడికి అంత సదువెందుకు? లెగండి" అంటూ అప్పలమ్మ చేట తెచ్చింది. దుంగ కింద పట్టి రోకలితో తట్టింది. రెండు చెరుగులు చెరిగేసరికి దుమ్ము పోయి అయిదు పురుగులు మిగిలాయి. మేం మెచ్చుకునేలోగా, బియ్యం ఏరే అలవాటుకొద్దీ, నాలుగింటిని గోటితో నలిపేసింది.

"చంపకు అప్పలమ్మా!"

"మరేటి, బియ్యంలో పురుగుని ముద్దెట్టుకుంతామా?"

అయిదోదాని మీదికి పోతున్న ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాను. అప్పుడామె రెండో చేతి వేలు తడిచేసి, దాన్ని మెల్లగా అద్ది సీసాలో వేసింది. భూతద్దం కింద రత్నం మూడుసార్లు లెక్కపెట్టింది, నేను నాలుగోసారి. కాళ్ళు ఆరు, మీసాలు రెండు.

చీటీ మీద పట్టినవారి పేరు అప్పలమ్మ అని రాశాం.

"నా పేరు కలకత్తా ఎందుకమ్మా? కోర్టుకి పిలుత్తారేటి?" అని బెదిరింది.

మర్నాడు ఉదయం రత్నం పార్సిలు పోస్టు చేసింది, నేను 10-15 బండెక్కాను. జంషెడ్‌పూర్‌లో ఫ్యాక్టరీ చూడకుండా తిరిగొచ్చిన మొదటి మనిషిని నేనే కావచ్చు. ఆ మాటా, వచ్చిన పనీ పక్కసీటు ఆవిడతో చెబితే, "పురుగు కోసం వచ్చారా! ఇంతకీ ఏ పురుగు?" అంది.

"పట్టింది అప్పలమ్మ. అంతవరకే తేలింది" అన్నాను.