తాళం విన్న మాట

మొన్న బాన్సువాడ బస్టాండు దగ్గర స్కూటీకి డూప్లికేట్ తాళంచెవి చేయించుకుంటుంటే, ఆకురాయి కింద రాలే ఇత్తడి పొడి వాసనకు హమీద్ చాచా గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు తాళాలు అమ్ముతూ, బాగుచేస్తూ మా వాడంతా సైకిల్ మీద తిరిగేవాడు.

మూడో తరగతిలో ఒకరోజు ఇంటి తాళంచెవి పోగొట్టాను. అమ్మ నాట్లకు పోయింది. చెవి అన్నారంటే, తాళంచెవి దూరే రంధ్రంలోంచి తాళం వింటుందని అనుకునేదాన్ని. అక్కడ నోరు ఆనించి, "తెరుచుకో, అమ్మ కొడ్తది" అని బతిమాలాను.

వెనక సైకిల్ ఆగింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?" అన్నాడు చాచా.

"తాళం చెవిల చెప్తున్న."

ఆయన నవ్వలేదు. "గది మనిషి చెవి కాదమ్మా, చాబీ. ఓడల మీద వచ్చిన దొరల మాట అని మా ఉస్తాద్ చెప్తుండె" అంటూ సన్నటి కడ్డీతో తాళం తీసిపెట్టాడు.

ఉస్తాద్ చెప్పింది నిజమేనని పెద్దయ్యాక తెలిసింది. తాళంచెవిని పోర్చుగీసులు షావె అంటారు, చాబీ అందులోంచే వచ్చింది; స్పెయిన్ వాళ్లు యావె, ఇటలీ వాళ్లు కియావె అంటారు. అన్నిటికీ తల్లి లాటిన్ క్లావిస్. మన తాళంచెవిలోని చెవి కూడా అదేనేమో, కాదేమో, నేను తేల్చుకోలేదు.

అమ్మ రాగానే చాచా, "తాళమే ఖరాబైందమ్మా, బిడ్డ తప్పేం లేదు" అని చెప్పి వెళ్లాడు. అన్నం తినేటప్పుడు నేనే నిజం ఒప్పుకున్నాను.

"నాకెరుకే" అంది అమ్మ. "గా తాళం అమ్మింది ఆయనే. తన తాళం ఖరాబని ఎన్నడన్న అంటడా? నీ కోసం అన్నడు."