రంగూన్ జ్వరం

ఎలియాజరు అనకాపల్లి గూడ్సు షెడ్డులో కలాసీ. బెల్లం బస్తాలు వ్యాగన్లకెక్కించేవాడు. అంతకుముందు రంగూన్ రేవులోనూ అదే పని. అక్కడ తెలుగువాళ్లందరినీ కలిపి ‘కొరంగీ’ అని తిట్టేవారు. వెనకటి రోజుల్లో మన ఓడలు కోరంగి రేవు నుంచి వెళ్లేవి గనక. నేను చాలా దేశాలు తిరిగాను, మనుషుల్ని రంగులవారీగా విడదీసిన లావుపాటి గ్రంథాలూ చదివాను. ఒక రేవు పేరు తిట్టయిపోవడం మాత్రం మరెక్కడా చూడలేదు. సరే, అదలా ఉంచుతాను.

1938లో బర్మావాళ్లు మనవాళ్ల మీద పడ్డ అల్లర్లలో అతని భార్యను రంగూన్ వీధిలో రాళ్లతో కొట్టి, కత్తులతో నరికారు. బిడ్డను చంకనేసుకుని అతను ఓడెక్కాడు. ఆ బిడ్డే సువార్త. తల్లి జ్వరంతో పోయిందని చెప్పి పెంచాడు. రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది అంతే. అక్కడి పట్టుబట్టలు, బంగారు గోపురాల గురించి పిల్లలకు కథలు కథలుగా చెప్పేవారు. తమను తరిమారని చెప్పేవారు కారు.

నలభై నాలుగులో, బర్మా యుద్ధానికి వెళ్లే మిలటరీ రైలొకటి స్టేషన్లో ఆగింది. ఆఫ్రికా సిపాయి ఒకడు నీళ్లకోసం కుళాయి దగ్గరికి దిగాడు. షెడ్డు పిల్లలు మూగారు.

“రాచ్చసుడర్రా. పిల్లల్ని తినేత్తాడట. కొట్టండి,” అన్నాడు పైడిరాజు, ఎలియాజరు తోటి కలాసీ. పక్కవాళ్లు నవ్వారు.

రాళ్లు లేచాయి. సువార్త విసిరిన కంకరరాయికి సిపాయి కనుబొమ్మ చీలి, నెత్తురు కంట్లోకి కారింది. అతను బెల్టు విప్పి గుడ్డిగా తిప్పాడు. బకిలు తగిలి పైడిరాజు పన్ను ఊడింది. పైడిరాజు బస్తాలు లాగే ఇనప కొక్కెం ఎత్తాడు. ఎలియాజరు పరుగున వచ్చి మధ్యలో దూరాడు.

“అడ్డు లెగు బావా. ఆడు నీకేటి, సుట్టమా?”

“కొక్కెం దించు.”

దించలేదు. కొక్కెం ఎలియాజరు భుజంలో దిగి, కండను పెకలించుకుంటూ బయటికొచ్చింది. జనం వెనక్కి తగ్గారు. తోటి సిపాయిలు వచ్చి తమవాణ్ణి పెట్టెలోకి ఈడ్చుకుపోయారు. రైలు కదిలింది.

సువార్త ఏడుస్తూ తండ్రి భుజానికి పరికిణీ అంచు అదిమింది.

“ఆ నల్లోడి కోసం నువ్వెందుకెల్లేవయ్యా?”

“మీ అమ్మ జరంతో పోలేదమ్మా.”

పళ్లు బిగించి అంతా చెప్పాడు. ఏ వీధిలో తరిమారు, ఏమని తిట్టారు, కత్తి ఎక్కడ దిగింది.

“ఆల్ల కంటికి మనవే నల్లోల్లం. మనవే రాచ్చసులం.”

పిల్ల చెయ్యి నిలిచిపోయింది.

“కొట్టినోల్లలో పిల్లలున్నారా?”

“ముందు రాయి ఆల్లదే. ఇప్పుడు నీ ఈడెంతో అంతోల్లు.”

“మరి ఆల్ల అయ్యలేటన్నారు?”

“నవ్వేరు.”

కుళాయి దగ్గర పైడిరాజు నోరు పుక్కిలించి, ఎర్రటి నీళ్లు ఉమ్మి, జరిగిందంతా మళ్లీ చెబుతున్నాడు. చుట్టూ పగలబడి నవ్వుతున్నారు. “రాయేసింది ఇదే,” అని ఒక పిల్ల మెచ్చుకోలుగా సువార్తను చూపించింది.

సువార్త తండ్రి ఒళ్లో మొహం దాచుకోబోయింది. అతను దాచుకోనివ్వలేదు. బాగున్న చేత్తో గడ్డం పట్టుకుని అటే తిప్పాడు.

“సూడు,” అన్నాడు.