మా మామ ఏరుకున్న గోదాలు

పొద్దున పాలు కొలుస్తుండగా కబురొచ్చింది. తాలీంలో కుస్తీ నేర్చుకునే శిష్యుడొకడు స్కూటర్ ఆపి, దిగకుండానే, "వదినా, వస్తాద్ పోయిండు. దవాఖానకెళ్ళి తీస్కొస్తున్నరు," అన్నాడు. నా చేతిలో లీటరు కొలత ఉంది. ఎదురుగా ఒక ముసలామె గిన్నె చాపి ఉంది. పోసేశాను. ఆమె గిన్నెలోకి చూసి, నా మొహం చూసి, "ఇగ చాలు బిడ్డా, లోపలికి పో," అంది. మిగిలినవాళ్ళు ఉత్త గిన్నెలతో వెనక్కి పోయారు. మా వాకిట్లోంచి జనం అట్లా పోవడం, కోడలిగా వచ్చినప్పటి నుంచీ నేను చూడలేదు.

మా మామ అంటే మా ఆయన తండ్రి. లాల్‌దర్వాజాలో బర్రెల కొట్టం ఆయనదే, కొట్టం పక్కనున్న తాలీమూ ఆయనదే. గల్లీలో అందరికీ వస్తాదు, నాకు మామ. మధ్యాహ్నానికల్లా గల్లీ మొదట్లో ఫ్లెక్సీ లేచింది. 'మల్లయోధ సింహం' అని రాయించారు. సింహమట! చలికాలం మంకీ టోపీ లేనిదే కొట్టంలో అడుగుపెట్టని మనిషి. తేలు కనబడితే "బిడ్డా, జర చెప్పు తీస్కరా," అని నన్ను పిలిచే మనిషి. ఇట్లాంటి బిరుదులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు తెలిసిన మనిషి గురించి నేనే రాద్దామని కూర్చున్నాను.

ఉగాది పోయి ఊళ్ళల్లో జాతరలు మొదలయ్యాయంటే మా కొట్టంలో పంచాయితీ మొదలయ్యేది. ఏ ఊరి గోదాలో దిగాలి, ఏ ఊరు వదిలెయ్యాలి అని. జాతరన్నాక కుస్తీ ఉంటుంది. కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెంతో ముగుస్తుంది. శిష్యులకేమో అన్ని గోదాల్లోనూ దిగాలని ఉబలాటం. ఉన్నది ఒక్క కిరాయి జీపు. ఒకే రోజు నాలుగూళ్ళలో జాతర. పైగా ఒంట్లో ఉన్న ఎముకలు అన్ని ఊళ్ళకూ సరిపోవు కదా!

మామ బర్రె కింద కూర్చుని, పితకడం ఆపకుండానే అడిగేవాడు.

"ఆ ఊర్ల మట్టెట్లుంటది?"

"మస్తు మెత్తగుంటది వస్తాద్. పసుపు, మజ్జిగ, నూనె పోసి కలుపుతరు."

"మట్టి మెత్తగుంటే మన్షులు గట్టిగుంటరు, చూస్కో. మరి అవతలి ఊరు?"

"ఆడ పోయినేడు మనమే గెల్సినం."

"గెల్సిన ఊరికి మళ్ళెందుకురా, చుట్టాలింటికి పోయినట్టు? రెండోసారి పోతే పప్పుల నీళ్ళు పోస్తరు."

జీపు నడిపే భాయ్‌ది మా పక్క బస్తీ జహనుమా. ఆయనకు కుస్తీతో పనిలేదు, తిండితోనే పని. "ఉధర్ కా ఖానా అచ్ఛా నై వస్తాద్," అని ఒక్క మాటతో ఒక ఊరు కొట్టేయించేవాడు. మామ దానికీ విలువిచ్చేవాడు. కానీ ఎవరు ఎంత లొల్లి చేసినా చివరికి ఏరేది ఆయనే. ఓడిపోయే గోదా ఒకటైనా దారిలో ఉండాలనేది ఆయన పట్టుదల. "బయట దెబ్బ తిన్నోడే ఇంట్ల మంచిగుంటడు. అన్ని గెల్సుకుంట వస్తే పెండ్లాం మీద పడ్తడు," అనేవాడు. శిష్యులు పగలబడి నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు.

తొంభైలలో సంగతి. జహీరాబాద్ దాటాక సరిహద్దు దగ్గర ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి వాళ్ళ పిల్లలు ఇప్పుడు మంచివాళ్ళే అయి ఉండొచ్చు. ఆ జాతరలో కడెం కుస్తీకి మా ఆయన దిగాడు. ఆ ఊరి పహిల్వాన్‌ను వెల్లకిలా పడేసి చిత్ చేశాడు. డప్పులు మోగాయి. మా ఆయన పెద్దమనుషులకు దండం పెట్టడానికి వెనక్కి తిరిగితే, ఓడినవాడు లేచి వెనక నుంచి నడుం పట్టి ఎత్తాడు. ఎత్తి, మెత్తటి మట్టి మీద కాదు, గోదా బయట రాళ్ళ మీద వేశాడు. మెడ కింది ఎముక విరిగింది. మావాళ్ళు మీదికి పోతే ఊరంతా రాళ్ళందుకుంది. అద్దాలు పగిలిన జీపులో మా ఆయన్ని పడుకోబెట్టి తెచ్చారు. కడెమూ ఇయ్యలేదు.

దెబ్బ తిన్నవాడు ఇంట్లో మంచిగుంటాడన్న మామ మాట ఎంత అబద్ధమో ఆ యేడు నాకు తెలిసింది. మా ఆయన మంచం మీదే ఉండి పాలక్యాన్ గోడకేసి కొట్టాడు. లేవగలిగాక బర్రెను కట్టెతో బాదాడు. అద్దం పగిలింది. ఒకరోజు కూరలో ఉప్పు దగ్గర మాటా మాటా పెరిగి నా పెదవి పగిలింది. నేనేం ఊరుకునే రకం కాదు, చేతిలో ఉన్న చెంబు విసిరాను. ఆయన నుదురు చిట్లింది. ఇద్దరం ఒకే బకెట్ దగ్గర నిలబడి నెత్తురు కడుక్కున్నాం. మామ కొట్టంలోంచి చూశాడు. ఒక్క మాటా అనలేదు. ఎందుకనలేదని నాకు ఇప్పటికీ కోపమే. కొడుకు తొడ చరిచినప్పుడల్లా శభాష్ అని పెంచింది ఆయనే కదా!

మళ్ళీ ఉగాది వచ్చింది. కొట్టంలో పంచాయితీ మొదలైంది. మామ మొట్టమొదట ఆ ఊరి పేరే చెప్పాడు.

మా ఆయన కళ్ళు మెరిశాయి. జీపు భాయ్ మాత్రం రాళ్ళు, పగిలిన అద్దాలు గుర్తుచేసి గట్టిగా మొత్తుకున్నాడు. "ఉధర్ నక్కో వస్తాద్! పత్థర్ మారే ఉనోఁ! మేరే గాడీ కే కాంచ్ ఫోడే!"

నేను పేడ తట్ట కింద పడేసి ముందుకొచ్చాను. "ఏంది మామా గిది? ఇంకా ఎన్ని ఎముకలున్నయని? ఈసారి మెడ ఇర్గితే ఎట్ల?"

"యాడ పోగొట్టుకున్నడో ఆడనే ఎతుక్కోవాలె బిడ్డా. ఇంట్ల ఎతికితే దొర్కదు," అని మామ నా పెదవి వైపు చూశాడు. అప్పటికి అది మానిపోయింది. అయినా చూశాడు.

"అట్లయితే నేను గూడ వస్త."

"ఆడోళ్ళు గోదా కాడికి రారు."

"జీపుల కూసుంట. వండిపెట్టెటోళ్ళు గావాలె గద మీకు?"

మామ కాదనేలోపే భాయ్, "చలో భాబీ, ఖానా తో అచ్ఛా మిలేగా," అన్నాడు. అట్లా పోయాను.

కుస్తీ అంటే ఏమిటో ఆ ప్రయాణంలోనే చూశాను. మనిషిని మనిషి ఎత్తి వేసిన చప్పుడు దూరంగా ఉన్నవాళ్ళ కడుపులో తగులుతుంది. ఒక ఊళ్ళో మావాడి చెవి చీలింది. ఇంకో ఊళ్ళో మావాడే ఎదుటివాడి పళ్ళు రాలగొట్టాడు. ప్రతి పట్టు అయిపోగానే మామ తన వాళ్ళ చేతివేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసేవాడు. అన్నం దగ్గర ఓడినవాడికే ముందు వడ్డించమనేవాడు. "గెల్సినోనికి ఆకలుండదు బిడ్డా. ఓడినోన్నే అడుగు," అనేవాడు. నిజమే, ఓడినవాళ్ళే ఎక్కువ తినేవాళ్ళు.

ఆఖరికి ఆ ఊరొచ్చింది. కడెం కుస్తీకి అదే పహిల్వాన్ దిగాడు. పొలం దున్నుకునే మనిషి, మాలాంటివాడే. రివాజు ప్రకారం పిడికెడు మట్టి తీసి మా ఆయన చేతికి ఇయ్యబోయాడు. మా ఆయన చెయ్యి చాపలేదు. మట్టి కింద పడింది. జనం గొణిగారు.

తర్వాత జరిగింది కుస్తీ కాదు. మొదటి దెబ్బకే ఇద్దరి ముక్కుల్లోంచి నెత్తురొచ్చింది. తలలు ఢీకొన్నాయి. మా ఆయన వాడిని బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి, కుడి చెయ్యి వెనక్కి విరిచి పట్టాడు. తిప్పితే చిత్ అయిపోయేవాడు, గెలుపు అక్కడే ఉంది. తిప్పలేదు. ఆ చెయ్యి పైకి, ఇంకా పైకి వంచుతున్నాడు. వాడి నోటి నిండా మట్టి, అరుపు కూడా బయటికి రావట్లేదు. జనం వంగి రాళ్ళు ఏరుతున్నారు. భాయ్ బండి స్టార్ట్ చేశాడు. నేను జీపు మెట్టు మీద నిలబడి గొంతు చించుకున్నాను.

"ఇరువు! ఇర్గగొట్టు!"

అవును, నేనే అరిచాను. యేడాదిగా మా ఇంట్లో తిరుగుతున్న కోపం ఆ చేతితో అయిపోతుందని అనిపించింది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ పొద్దు నాకు ఇంకో దారి కనబడలేదు.

మామ గోదాలోకి నడిచాడు. పట్టు నడుస్తుండగా వస్తాదు గోదాలో కాలుపెడితే వాళ్ళ మనిషి ఓడినట్టే. అది అందరికీ తెలుసు. అయినా పోయి, కొడుకు మెడ మీద ఒక్కటి వేసి, జుట్టు పట్టి లాగి లేపాడు. రాళ్ళు పట్టుకున్న చేతులు అట్లానే ఆగిపోయాయి. తర్వాత ఈలలు, కేకలు, డప్పులు. ఆ ఊరి పహిల్వాన్ ఎడమ చేత్తో కడెం తీసుకున్నాడు. కుడి చెయ్యి ఇంకా లేవట్లేదు.

జీపు తిరుగుదారి పట్టింది. మా ఆయన ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆ ఊపిరి నాకు తెలుసు. అది మాతోనే ఇంటికి వస్తోంది. ఇక నాకు ఆగలేదు. శిష్యులున్నారని కూడా చూడలేదు.

"నీ కొడుకు గెల్సిండు మామా. గెల్సినోన్ని ఓడగొట్టి తీస్కపోతున్నవ్. రేపట్నుంచి నా బతుకేంది? చెప్పు!"

కొంత దూరం పోయాక మామ, "ఆపు భాయ్," అన్నాడు. రోడ్డు పక్కన దున్నిన చెలక. ఇంకా పొద్దు గూకలేదు. మామ దిగి, అంగీ తీసి జీపు అద్దానికి తగిలించి, ధోవతి ఎగ్గట్టి చెలకలోకి నడిచాడు. పిడికెడు మట్టి తీసి కొడుకు వైపు చాపాడు.

"రా. పట్టు."

"జీపెక్కు బాపు."

"వాని మట్టి తీస్కోలే నువ్వు. నాదన్న తీస్కో."

మా ఆయన దిగాడు గానీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ కొడుకు చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఇంట్ల ఆడపిల్ల మీద లేస్తది గద చెయ్యి? నా మీద లేపు, చూస్త!"

లేచింది. యేడాది కోపమంతా లేచింది. ముసలాయన మొదట రెండు పట్లు విడిపించుకున్నాడు. మూడోదానికి బోర్లా పడ్డాడు. అదే మోకాలు, అదే పట్టు, కుడి చెయ్యే. శిష్యులు పరిగెత్తబోతే మామ మట్టిలోంచి తలెత్తి, "ఎవ్వడు రావద్దు!" అని గర్జించాడు. నేను "ఇడువు! ఇడువు!" అని అరుస్తూనే ఉన్నాను. మా ఆయన చెవికి అది ఎక్కలేదు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది.

మా ఆయన వదిలేసి, వెనక్కి పడి, తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుండిపోయాడు. మామ మెల్లగా వెల్లకిలా తిరిగాడు. మొహమంతా చెమట, మట్టి. కాసేపు ఊపిరి అందలేదు.

"పట్టు మంచిగ పట్టినవ్ కొడకా," అన్నాడు. "వానికి నాగలి వట్టేదుంది. నాకేముంది? పాలు ఎడమ చేత్తోటి పిండుకుంట."

మా ఆయన మట్టికి తల బాదుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడవడం నేను చూడలేదు. మామ బాగున్న చెయ్యి చాపి కొడుకు తల ఆపాడు. "ఇగ ఐపాయె. లే. గిది ఇంటికి రావద్దు."

ఇంటికొచ్చాక అందరికీ బర్రె తన్నిందని చెప్పాడు. ఏ పాపం ఎరగని ఆ బర్రెను గల్లీ అంతా తిట్టింది. కట్టు కట్టించారు గానీ భుజం సరిగ్గా అతకలేదు. ఆ చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయేది. తల వంచి దువ్వుకునేవాడు. మహంకాళి గుడికి పోతే గంట అందక, "బిడ్డా, నా పేరు మీద గూడ ఒక్కటి కొట్టు," అనేవాడు. ప్రతి ఉగాదికీ పంచాయితీ మాత్రం ఆగలేదు. ఊళ్ళు ఆయనే ఏరాడు. ఆ ఊరికీ పోయారు, గెలిచారు, ఓడారు.

మా ఆయన మళ్ళీ గోదాలో దిగలేదు. తాలీంలో నేర్పుతాడు. ఆ రోజు తర్వాత నన్ను కొట్టలేదు. మా నోళ్ళంటారా, అవి ఇద్దరివీ అట్లానే ఉన్నాయి. చెలకలో జరిగింది తండ్రీకొడుకులు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మామ దేవుడని నేననను. చూసి చూసి ఊరుకున్న రోజులున్నాయి, వాటిని నేను మరిచిపోను. కానీ నా కోసం జీపు దిగినవాడు ఆయన ఒక్కడే. మామా, నువ్వు లేని కొట్టంలోకి పోవాలంటే నాకు కాళ్ళు రావట్లేదు.

మామను తెచ్చిన సాయంత్రం వాకిట్లో పీట వేసి స్నానం చేయించారు. సంకలో నీళ్ళు పోయాలి, చెయ్యెత్తమని పెద్దమనిషి ఒకాయన చెప్పాడు. శిష్యుడు ఎత్తబోతే మా ఆయన వాడిని పక్కకు నెట్టి తనే పట్టుకున్నాడు. రొమ్ము దాకా తెచ్చి ఆపేశాడు.

"ఇంకొంచెం ఎత్తురా. ఇప్పుడేం నొప్పి పుడ్తది?" అన్నాడు పెద్దమనిషి.

మా ఆయన ఎత్తలేదు. నీళ్ళకు బురదైన వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి ఆ చెయ్యి కిందికి దూరి, చెంబుతో కింది నుంచే కడిగాడు. తండ్రి చెయ్యి వచ్చి వీపు మీద ఆనింది. కడగడం అయిపోయినా మా ఆయన లేవలేదు.