ముందు పళ్లెం, తర్వాత నీళ్లు

ఇన్నేళ్లుగా నేను ఒక హారతి పళ్లెం మోస్తున్నాను. ఇత్తడిది, చిన్నది. చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. దాన్ని దేవుని అరలో వెనక్కి తోసేసి, ముందు స్టీలు పళ్లెం పెట్టుకుని పూజలు చేస్తూ వచ్చాను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనివ్వలేదు. నా నోటికి జడిసి కోళ్లు కూడా మా గడప తొక్కవని మా ఆయన నవ్వుతుంటాడు. అంత నోరు పెట్టుకుని, చెప్పాల్సిన ఒక్క మాట దగ్గర మూగదాన్నయ్యాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

మాది కొత్తకోట. హైవే పక్కన మాకు బ్యాటరీలు, వైరింగు చేసే దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. బెంగళూరు దారిన పోయే బండ్లు లైట్లు వెలగకపోయినా, హారన్ దానంతటదే మోగుతున్నా, సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకున్నా మా దగ్గరే ఆగుతాయి. యజమాని మా ఆయనే కానీ చేయి ఆడించేది దేవదానం. బల్మూరు మనిషి, క్రైస్తవుడు. అందరం దానం అనేవాళ్లం. మా ఆయనను అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. నా చేతి అన్నం తిన్నాడు. అప్పటికి బడికి కూడా పోని నా కొడుకును భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు.

చాలా మంచివాడు అని రాయబోయి ఆగాను. అలా రాస్తే అతన్ని పటానికి ఎక్కించినట్టు ఉంటుంది. బతికే ఉన్నాడు. పైగా గొప్పలు చెప్పుకునేవాడు. పని చేస్తూ గొంతెత్తి పాడేవాడు, శ్రుతి ఉండేది కాదు. ఎవరినైనా సరే నలుగురిలో ఆట పట్టించేవాడు. నన్ను కూడా.

అది దసరా ముందు రోజు. ఒక టీచరుగారి కారు నెలల తరబడి నిలబెట్టి ఉంచడం వల్ల బ్యాటరీ చచ్చిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చారు. పండుగ కదా అని దాని ముందు నేను నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. దానం చూసి, వదిన నిమ్మకాయ కడితే సెల్ఫ్ కొట్టేటట్టుంటే ఇక నాకు పనెందుకు, ఊరికి పోత అన్నాడు. అందరూ నవ్వారు. టీచరుగారూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. ఆ మాటకు అంత మండిపోవాల్సింది ఏముంది? ఇప్పుడు చూస్తే ఏమీ లేదు. మా అత్త పోయాక దుకాణంలో దసరా పూజ నా చేతికి వచ్చిన మొదటి ఏడు అది. పెద్దరికం కొత్తగా వచ్చినవాళ్లకు నవ్వు పడదు.

మా వైపు దసరా నాడు ప్రతి బండికీ పూజ జరగాలి. ఆ రోజు కారును నూకి స్టార్ట్ చేయడం అపశకునం అనుకుంటారు. అందుకని పండుగ దగ్గర పడుతుంటే చచ్చిన బ్యాటరీలన్నీ మా దుకాణానికి చేరతాయి. మా అత్త బతికున్నన్నాళ్లూ ఒక కట్టడి ఉండేది. పండుగనాడు పనిముట్టు కదలొద్దు, ఛార్జింగు మిషను కూడా ఆగాల్సిందే అనేది. అన్నీ ఆపి, చల్లబడ్డాక బొట్టు పెట్టి హారతి ఇచ్చేది. ఆమెకు కరెంటు సంగతి తెలుసా? తెలియదు. ఆ ఏడు మాత్రం గిరాకీ ఎక్కువై, జనం పొద్దున్నుంచీ వాకిట్లో నిలబడి ఉంటే, మా ఆయన మిషను నడవనిచ్చాడు. బల్ల మీద బ్యాటరీలు వరసగా ఉన్నాయి. మూతలు తీసి ఉన్నాయి. లోపల ఆసిడ్ బుడబుడమంటోంది. ముక్కుకు ఘాటుగా తగులుతోంది. ఇదంతా నేను చూశాను. చూడలేదని చెప్పను.

హారతి వెలిగించుకుని మధ్య తలుపులోంచి లోపలికి వచ్చాను. దానం ఒక్కడే బల్ల దగ్గర ఉన్నాడు. మిగతావాళ్లంతా బయట బండ్లకు పూలు కడుతున్నారు.

"వదినా, నిప్పు గిటు తేకు" అన్నాడు. "బ్యాటరీలు మసులుతున్నయ్. గ్యాస్ లేస్తది. బయట బండ్లకియ్యి హారతి."

"పండుగ నీది కాకపాయె. నీకేం తెల్సు?"

"పండుగ సంగతి నాకు తెల్వదు వదినా. బ్యాటరీ సంగతి తెల్సు. జర దూరం జరుగు."

ఎగతాళిగా అనలేదు. బతిమాలినట్టే అన్నాడు. నాకేమో ముందురోజు నవ్వు చెవిలో మోగుతోంది. కిరస్తానపోడు, మన పండుగ ఓర్వలేక అంటున్నాడు అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అనుకున్నది అదే. అతనికి వినబడేలా అనలేదన్నది ఒక్కటే మిగిలింది. అతను చేయి అడ్డం పెట్టి ముందుకు వంగాడు. నేను ఆ చేతి మీదుగా పళ్లెం చాపి బల్ల మీద తిప్పాను.

పేలింది. బయటివాళ్లు లారీ టైరు అనుకున్నారట. నాకు చీర కొంగుకు చిల్లులు పడ్డాయి, అంతే. నాకూ బల్లకూ మధ్య అతని ముఖం ఉంది.

ఇక్కడిదాకా చేసింది పొగరు. పొగరుతో తప్పు చేసినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నేను మోస్తున్నది ఆ తర్వాతది. దానం రెండు చేతులతో ముఖం పట్టుకుని నీళ్లు, వదినా నీళ్లు అని అరుస్తున్నాడు. నీళ్ల డ్రమ్ము నా చేతికి అందేంత దగ్గర్లో ఉంది. చెంబు దాని మీదే ఉంది. నాకు కనబడింది మాత్రం నేల మీద పడ్డ పళ్లెం. దాన్ని తీసుకుని, తలుపు దాటి ఇంట్లోకి పోయి, బియ్యం డబ్బా వెనక పెట్టి, తిరిగి వచ్చి, అప్పుడు చెంబు ముంచాను. ఈలోపే బయటివాళ్లు బకెట్లతో వచ్చేశారు. వాళ్లతో కలిసి నేనూ పోశాను. ఏడుస్తూ పోశాను. అందరూ నన్నే ఓదార్చారు.

ఎంతసేపు పట్టి ఉంటుంది? ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గర్నుంచి బియ్యం డబ్బా దాకా నడిచి చూసుకుంటాను. పోయి వస్తాను. మళ్లీ పోయి వస్తాను. ఎక్కువసేపేం పట్టదు, అని నాకు నేనే చెప్పుకుంటాను. ఆసిడ్ కంట్లో పడ్డవాడికి అది ఎంతసేపో నాకెట్లా తెలుస్తుంది? వెంటనే, బాగా ఎక్కువసేపు నీళ్లు పోసి ఉంటే చూపు నిలిచేదేమో అని పట్నం దవాఖానలో డాక్టరు అన్నాడట. మా ఆయన వచ్చి ఎవరికో చెబుతుంటే తలుపు చాటు నుంచి విన్నాను. ఆ "ఏమో" నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. వండుతూ లేస్తాను, తింటూ లేస్తాను. ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవు అంటాడు మా ఆయన.

దవాఖానలో దానం జరిగింది జరిగినట్టు చెప్పాడు. మా ఆయన ఇంటికి వచ్చి నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు.

"హారతి లోపలికి తెచ్చినవా?"

"లేదు. బయట బండ్లకే ఇచ్చిన."

నమ్మాడు. పెండ్లాం మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతాడు? హారతి కాకపోతే ఇక మిగిలేది పనివాడి తప్పే. ఛార్జింగు వైర్ల క్లిప్పులు తారుమారు పెట్టి ఉంటాడని తేల్చారు. ఎరుపు పెట్టాల్సిన చోట నలుపు పెట్టి, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి పండుగ మీద నింద వేస్తున్నాడని వాడకట్టంతా అనుకుంది. అలా అన్నవాళ్లకు నేను చాయ పోసి ఇచ్చాను. దానం కన్ను ఒకటి పోయింది. దానితో పాటు చేతి పని మీద నమ్మకమూ, మాట మీద నమ్మకమూ పోయాయి. కొత్తకోటలో ఏ దుకాణమూ అతన్ని మళ్లీ పిలవలేదు. కూలి పనులకు వలస పోయాడని విన్నాను.

ఇంతకంటే చెడ్డది ఇంకొకటి ఉంది. దుకాణంలోకి కొత్త పనివాడు వచ్చినప్పుడల్లా మా ఆయన మొదటి పాఠం ఇదే చెబుతాడు. క్లిప్పులు చూసి పెట్టు, లేకుంటే దానం లెక్క కన్ను పోతది అంటాడు. క్లిప్పు పాఠం తప్పేం కాదు. కానీ కన్ను ఎందుకు పోయిందో ఆ పాఠం మాత్రం ఎవరికీ అందలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది. మా అత్త కట్టడి కూడా ఆమెతోనే పోయింది, పండుగ పొద్దున మిషను నడవడం అలవాటైపోయింది. నేను చేయగలిగిందల్లా ఏటా పళ్లెం ఇంకెవరి చేతికీ ఇవ్వకపోవడం. లోపల ఫ్యాను గాలికి ఆరుతుందనో, మోకాళ్ల నొప్పులనో ఏదో ఒకటి చెప్పి, హారతి వాకిట్లోనే ముగించేదాన్ని.

ఈ ఏడు వానాకాలంలో ఉప్పునుంతలలో చుట్టాలింటికి వెళ్లాం. నేను, నా కొడుకు. తిరిగి బయలుదేరేటప్పుడు కారు కదల్లేదు. బ్యాటరీ దుకాణం వాళ్ల కారుకే బ్యాటరీ చచ్చిందని చుట్టాలు ఒకటే నవ్వు. నా కొడుకు లెక్కలు చూసుకుంటాడే కానీ స్పానర్ పట్టడు. కేబుళ్లు ఉన్న మనిషి ఉన్నాడని ఎవరినో పిలిపించారు. ట్రాక్టరు మీద వచ్చి దిగాడు. తల నెరిసింది. ఎడమ కన్ను తెల్లగా ఉంది.

దానం. అతను బానెట్ ఎత్తి చూస్తున్నాడు. నా కొడుకు సిగరెట్ వెలిగించుకుని పక్కన వంగాడు.

"బాబూ, సిగరెట్ పారెయ్యి" అన్నాడు దానం. "బ్యాటరీ కాడ నిప్పు ఉండొద్దు. నా కన్ను గట్లనే పోయింది."

ఎట్లా అని అడిగాడు నా కొడుకు.

"పండుగ నాడు ఎవరో హారతి తెచ్చిండ్రు. తెల్వక తెచ్చిండ్రు."

ఎవరో అన్నాడు. నా వైపు చూడలేదు. ఎరుపు కేబులు రెండు బ్యాటరీలకూ ఎరుపుకే పెట్టాడు. నలుపు ముందు ట్రాక్టరుకు పెట్టి, దాని రెండో కొసను మా బ్యాటరీకి దూరంగా, ఇంజను ఇనుముకు తగిలించాడు. తగిలించే ముందు తలెత్తి, అమ్మా, జర దూరం జరుగు, మొఖం అటు తిప్పుకో అన్నాడు. వదినా అనలేదు. గుర్తుపట్టలేదా? గుర్తుపట్టే ఆ వరస తీసేశాడా? తెల్వక అన్నాడు చూడండి, అది నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. నాకు తెలుసు. అతనే చెప్పాడు. ఇక పళ్లెం సంగతి అతనికి ఈనాటికీ తెలియదు.

కారు స్టార్ట్ అయింది. తిరుగు దారిలో నా కొడుకు, మన దుకాణంలో కూడా ఒకాయనకు గిట్లనే అయిందంట కదమ్మా, క్లిప్పులు తారుమారు పెట్టి అన్నాడు. ఊ అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

దసరా వచ్చింది. ఇంట్లో కొత్త కోడలు. చురుకైన పిల్ల. దేవుని అర కడుగుతూ వెనకనున్న ఇత్తడి పళ్లెం బయటికి తీసింది. చింతపండుతో తోమింది. అది తళతళ మెరుస్తోంది. నేను స్నానం చేసి వచ్చేసరికి కర్పూరం వెలిగించుకుని మధ్య తలుపు దాటుతోంది. బల్ల మీద బ్యాటరీలు వరసగా ఉన్నాయి. మిషను నడుస్తోంది.

తడి జుట్టుతోనే ఉరికి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను. కోడలు బిత్తరపోయింది. నేనేం తప్పు చేసిన అత్తమ్మా అంది. మోకాళ్లు, గాలి, శకునం, నాకు వచ్చిన సాకులన్నీ నాలుక మీదికి వచ్చాయి. ఈ ఏడు దాటిస్తాను. వచ్చే ఏడు? నేను పోయాక? పూల దండ కడుతున్న మా ఆయన, నా కొడుకు, ఇద్దరు పనివాళ్లు అందరూ నన్నే చూస్తున్నారు.

చెప్పేశాను. దానం కన్ను పోయింది నా హారతితోనే అని చెప్పాను. వద్దన్నా వినలేదని చెప్పాను. అతను నీళ్లని అరుస్తుంటే పళ్లెం దాచడానికి పోయానని కూడా చెప్పాను.

మా ఆయన చేతిలో దండ అట్లాగే ఉంది. నన్ను అడిగాడు. అప్పుడు అడిగిన మాటే.

"హారతి లోపలికి తెచ్చినవా?"

"తెచ్చిన."

లేచి లోపలికి పోయి మిషను స్విచ్ ఆపాడు. ఆ రోజు నుంచి నాతో అవసరమున్నంత వరకే మాట్లాడుతున్నాడు. కొత్తవాళ్లకు చెప్పే పాఠంలో దానం పేరు తీసేశాడు. నా పేరు పెట్టలేదు. నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు, అడిగే మొఖం లేదు.

ఉప్పునుంతల ఇంకా పోలేదు. పోవాలని ఒకసారి బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను. కన్ను తెచ్చి ఇవ్వలేనిదాన్ని, మాట ఒక్కటి పట్టుకుని ఎట్లా నిలబడను? కానీ అతనికి తెలియాల్సింది ఆ మాటే. ముందు రాసి చూసుకుంటే నోరు తిరుగుతుందేమోనని మీకు రాశాను. దానం, నువ్వు నీళ్లని పిలిచినప్పుడు నేను ముందు పళ్లెం తీసుకుపోయిన. తర్వాతనే నీళ్లు తెచ్చిన.